పూనకం, గణాచారి, సామియాడి: షామాన్ సంప్రదాయాన్ని తెలుసుకొనదలచిన వారికి

'షామానిజం' అనే మాట ఇటీవల పత్రికలలోను, ధ్యాన శిక్షణల ప్రకటనలలోను తరచుగా కనబడుతున్నది. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి ఈ మాట కొత్తదే గాని, అది సూచించే వ్యక్తి కొత్తవాడు కాడు. చేత వేపమండలు పట్టి, పంబ మ్రోతకు ఊగుతూ, అమ్మవారి మాటగా ఊరివారికి సమాధానం చెప్పే మనిషిని ఈ సరిహద్దు గ్రామాలవారు తరతరాలుగా ఎరుగుదురు. తెలుగు ఇండ్లలో ఆ మనిషిని గణాచారి అంటారు. తమిళ ఇండ్లలో సామియాడి అంటారు. ఈ సంప్రదాయం ఏమిటి, దానిని గురించి తెలుసుకొనగోరే వారు ఎక్కడ మొదలుపెట్టవలెను, ఎక్కడ ఆగవలెను అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడుతున్నవి.

పదం, దాని అర్థం

'షామాన్' అనేది సైబీరియాలోని ఎవెంకీ జాతివారి మాట. డచ్చి దేశస్థుడు నికొలాస్ విట్సెన్ 1692లో ప్రచురించిన గ్రంథం ద్వారా సైబీరియా షామాన్ చిత్రం ఐరోపా వారికి పరిచయమయినది. ఈ మాటకు మన 'శ్రమణ' శబ్దమే మూలమని కొందరు పండితులు ఊహించారు. ఆ వాదం అందరి అంగీకారాన్ని పొందలేదు. రుమేనియాలో పుట్టి, యువకుడుగా కలకత్తాలో చదివిన మిర్చియా ఎలియాదె 1951లో ఫ్రెంచి భాషలో వెలువరించిన బృహద్గ్రంథంతో ఈ పదం ప్రపంచమంతటా వ్యాపించినది.

షామాన్ యొక్క ఆత్మ శరీరాన్ని విడిచి పైలోకాలకో, అధోలోకాలకో ప్రయాణం చేస్తుందని ఎలియాదె చెప్పాడు. మన ప్రాంతంలో వ్యవహారం దీనికి ఎదురుగా ఉన్నది. ఇక్కడ మనిషి ఎక్కడికీ పోడు. దేవతయే వచ్చి మనిషిపై వాలుతుంది. అందుచేత కొందరు విద్వాంసులు పూనకాన్ని షామాన్ సంప్రదాయంలో చేర్చడానికి ఒప్పుకొనరు. ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1971లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండింటినీ అంత గట్టిగా విడదీయనవసరం లేదని వాదించాడు.

ఈ వాదాల మధ్య ప్రారంభకులు మూడు లక్షణాలను గుర్తుంచుకొంటే చాలును. మొదటిది, ఆ మనిషి మామూలు స్థితికి భిన్నమైన ఆవేశస్థితిలోనికి ప్రవేశించవలెను. రెండవది, ఆ ప్రవేశం తన కొరకు గాక ఇతరుల కొరకు జరగవలెను: రోగికి కారణం చెప్పడానికి, తప్పిపోయినదానిని కనుగొనడానికి, చనిపోయిన వారి మాట వినిపించడానికి. మూడవది, ఆ మనిషిని ఒక సమాజం గుర్తించి, ఆ పనికి నిలిపి ఉండవలెను.

ఈ కొలతతో చూస్తే తిరుత్తణి కొండపై ఆడికృత్తికనాడు కావడి మోస్తూ ఆవేశంతో ఊగే భక్తుడు షామాన్ కాడు. అతని మ్రొక్కు అతనిది. కావడి దించిన తరువాత అతడు ఎప్పటి మనిషియే. అమ్మవారి గుడి ముంగిట కూర్చొని, వచ్చినవారి కష్టం విని, ఆవేశంలో వాక్కు చెప్పే గణాచారి మాత్రం ఆ కోవలోనికి వస్తాడు.

రెండు భాషలలో పేర్లు

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుండి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారినది. 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో అది నేడు భాగం. సరిహద్దు గీత మారినా దేవతలు గీతకు ఇరువైపులా ఉండిపోయారు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల అంకమ్మయే తమిళ గ్రామాలలో అంకాళమ్మ. తిరుపతి గంగమ్మకు మ్రొక్కే కుటుంబాలే పెరియపాళయం భవానీ అమ్మకు పొంగలి పెడతాయి. కనుక ఇక్కడి విద్యార్థి రెండు భాషల మాటలను పక్కపక్కన వ్రాసుకొనడం మొదటి పాఠం కావలెను.

తెలుగులో పూనకం, ఆవేశం అనేవాటిని తమిళంలో 'సామి ఆడుదల్', 'అరుళ్ వరుదల్' అంటారు. ఆవేశంలో చెప్పే మాటను తమిళులు 'అరుళ్ వాక్కు' అని, జరిగినది జరగబోవునది చెప్పడాన్ని 'కురి చొల్లుదల్' అని అంటారు. తెలుగులో సోదె చెప్పడం, ఎరుక చెప్పడం అనే మాటలు దీనికి దగ్గరివి. 'ఎరుక' అంటే తెలివిడి. ఎరుకలసాని తెలుగు యక్షగానాలలో ఎంత ప్రసిద్ధురాలో, తమిళ కురవంజి నాటకాలలో కురత్తి అంత ప్రసిద్ధురాలు. దేవత వాలడం వేరు, దెయ్యం పట్టడం వేరు అనే భేదం రెండు భాషలలోను ఉన్నది. తమిళంలో రెండవదానిని 'పేయ్' పట్టడం అంటారు.

వాద్యాల పేర్లు కూడ తెలిసి ఉండవలెను. ఒకదానిపై ఒకటి కట్టి నడుమున ధరించి పుల్లలతో వాయించే జంట వాద్యం పంబ, తమిళంలో పంబై. గ్రామదేవతల జాతరలలో దీనిని వాయిస్తూ దేవత కథ చెప్పే తెలుగు కులం వారికి 'పంబలవారు' అనే పేరే వచ్చినది. నడుము సన్నగా ఉండి, ఒక చేతితో త్రాళ్లను నొక్కుతూ రెండవ చేతితో కొట్టే చిన్న వాద్యం ఉడుక్కై. దేవత పేరును, పుట్టుకను, ప్రతాపాన్ని ఈ వాద్యకారులు వరుసగా పాడుతూ లయను పెంచుతారు. పూనకం ఆ పాట నడుమ వస్తుంది. కాబట్టి పూనినవాడిని మాత్రమే చూసి, పిలిచినవాడిని చూడకపోతే సగమే చూసినట్లు.

తిరుత్తణి కొండ, వెఱియాట్టు

ఈ సంప్రదాయం ప్రాచీనతకు తమిళ సంఘసాహిత్యమే సాక్ష్యం. మురుగన్ పూజారి అయిన 'వేలన్' చేత శూలం ధరించి ఆవేశంతో ఆడే ఆటకు 'వెఱియాట్టు' అని పేరు. తెలుగులోని 'వెఱ్ఱి' శబ్దం దీనికి చుట్టమే. నక్కీరర్ రచించిన తిరుమురుగాట్రుప్పడైలో చెప్పబడిన 'కున్రుతోరాడల్', అనగా కొండకొండపై ఆడే మురుగన్ నెలవు, తిరుత్తణియేనని సంప్రదాయం చెబుతున్నది. ఐంగుఱునూఱులో కపిలర్ వ్రాసిన పది పద్యాలు ప్రత్యేకంగా వెఱియాట్టును గురించినవే.

ఆ పద్యాల సన్నివేశం గమనించదగినది. కుమార్తె చిక్కిపోతున్నది, అన్నం తినదు. తల్లి భయపడి వేలన్‌ను పిలిపిస్తుంది. అతడు కళంగు, అనగా గచ్చకాయలు వేసి చూచి, ఇది మురుగన్ సోకుడే అని నిర్ణయిస్తాడు. మేక బలి, కొఱ్ఱల నైవేద్యం, రాత్రంతా ఆట జరుగుతవి. చెలికత్తెకు మాత్రం అసలు కారణం తెలుసును: ఆ పిల్ల ఒక కొండదొరను ప్రేమించినది. వేలన్ భక్తిలో లోపం లేదు, తల్లి ప్రేమలో లోపం లేదు. అయినా పిల్ల బాధకు కారణం వేరుగా ఉన్నది. సుమారు రెండువేల ఏండ్ల నాటి కవులు పూనకాన్ని గౌరవంగా వర్ణిస్తూనే, పొరపాటుకు ఎక్కడ తావున్నదో చూపించారు. ఈ విద్యను గురించి చదువదలచిన వారు ఈ రెండు చూపులనూ ఒక్కసారే అలవరచుకొనవలెను.

ఇరుళర్లు, కన్నియమ్మ

తిరువళ్లూరు జిల్లాలో పెక్కుచోట్ల నివసించే ఇరుళర్లు తమిళనాడులో అతి బలహీన గిరిజన వర్గాలుగా ప్రభుత్వం గుర్తించిన ఆరు తెగలలో ఒకరు. ఆంధ్ర వైపున యానాదుల జీవనం వీరి జీవనాన్ని పోలి ఉంటుంది. వీరి దేవత కన్నియమ్మ, సప్తకన్యలలో ఒకతె. మాసి మాసపు పౌర్ణమికి, అనగా ఫిబ్రవరి, మార్చి నెలల నడుమ, ఉత్తర జిల్లాల ఇరుళర్లు మామల్లపురం సముద్రతీరాన కూడుతారు. ఇసుకతో ఏడు మెట్లు కట్టి కన్నియమ్మను పూజిస్తారు. అక్కడే పుట్టువెండ్రుకలు తీయిస్తారు, పెండ్లిండ్లు చేస్తారు. పెద్దలపై అమ్మ వాలి కుటుంబాల వారికి మాట చెబుతుంది.

ఇరుళర్లకు పాములు పట్టడంలోను, మూలికలు గుర్తించడంలోను గల నేర్పు ప్రసిద్ధం. 1978లో మామల్లపురం సమీపాన వారు సహకార సంఘంగా ఏర్పడి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు జాతుల నుండి విషం తీసి, విరుగుడు మందు తయారుచేసే సంస్థలకు అందజేయసాగారు. ఇరుళ వర్గానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే పాములు పట్టే నిపుణులకు 2023లో పద్మశ్రీ లభించినది. పాము మంత్రానికి పేరుపడిన జాతివారి శ్రమతోనే ఆసుపత్రి మందు తయారు కావడం మరువరాదు. పాము కరచినవానిని మంత్రం కొరకు తిప్పక నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను.

ఈ జాతిని గూర్చి తెలుసుకొనబోయేవారు మరొకటి కూడ ఎరిగి ఉండవలెను. ఇటుక బట్టీలలో, బియ్యం మిల్లులలో, కట్టెలు కొట్టే చోట్ల అప్పుకు కట్టుబడి వెట్టిచాకిరి చేసిన ఇరుళ కుటుంబాలను అధికారులు విడిపించిన సంఘటనలు ఉత్తర తమిళనాడులో అనేకం. వెట్టిచాకిరి నిషేధ చట్టం 1976 నుండి ఉన్నది. వారి రహస్యం కావలెననుకొనే అతిథి వారి కూలి సంగతి కూడ అడిగి తెలుసుకొనడం న్యాయం.

సవరల నుండి ఒక పాఠం

తెలుగునాట షామాన్ సంప్రదాయాన్ని మిక్కిలి లోతుగా పరిశీలించినది సవరల విషయంలోనే. వీరు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను, ఒడిశా కొండలలోను నివసిస్తారు. వీరి పూజారులలో మరణించిన వారితో మాట్లాడించేవారు ఎక్కువగా స్త్రీలు. ఆమె కాళ్లు చాచి కూర్చొని, పాడుతూ ఆవేశస్థితిలోనికి వెళ్తుంది. తరువాత చనిపోయినవారు ఒక్కొక్కరుగా ఆమె నోట పలుకుతారు. బ్రతికినవారు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, నవ్వుతారు, క్షమాపణ అడుగుతారు. ఇట్లు ఏండ్ల తరబడి జరిగిన పిదప చనిపోయిన మనిషి బాధపెట్టే ఆత్మగా ఉండక, కాపాడే పూర్వికుడుగా మారుతాడు. ఆ స్త్రీకి శిక్షణ బాల్యంలో కలలతో మొదలవుతుంది. అధోలోకంలో ఒక ఆత్మతో ఆమెకు వివాహం జరిగినట్లు భావిస్తారు. వెరియర్ ఎల్విన్ 1955లోను, పియర్స్ విటెబ్‌స్కీ 1993లోను ఈ సంప్రదాయాన్ని గ్రంథస్థం చేశారు. కొత్త తరం చాలవరకు క్రైస్తవంలోనికో, హిందూ శాఖలలోనికో మారడంతో ఆ సంభాషణలు ఆగిపోతున్న తీరును విటెబ్‌స్కీ 2017లో మరొక గ్రంథంలో వివరించాడు.

వీరందరికంటె ముందు సవరల వద్దకు వెళ్లినవాడు ఒక బడిపంతులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి సవర భాష నేర్చుకొన్నాడు, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించాడు, 1931లో ఆ భాషకు వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. తెలుగువారు ఆగస్టు 29న ఆయన జన్మదినాన్ని భాషా దినోత్సవంగా జరుపుకొంటారు. ఒక జాతి దేవతలను గూర్చి తెలుసుకొనడానికి ముందు ఆ జాతి మాట నేర్చుకొనవలెను. గిడుగు ఆ దారి చూపించాడు.

'నేర్చుకొనడం' అంటే ఏమి?

మైకేల్ హార్నర్ అనే అమెరికా మానవశాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికా అడవి జాతుల నడుమ పనిచేసి, 1980లో ఒక పుస్తకం వ్రాశాడు. అన్ని జాతుల షామాన్ పద్ధతులలోను ఉమ్మడిగా ఉన్న అంశాన్ని వేరుచేసి, డప్పు లయ సాయంతో ఎవరైనా అభ్యసించవచ్చునని చెప్పాడు. నేటి వారాంతపు శిక్షణలకు మూలం అదే. అట్టి అభ్యాసం కొందరికి మనశ్శాంతి ఇవ్వవచ్చు. అయితే రుసుము చెల్లించి రెండు దినాలలో పొందినది గణాచారి స్థానం కాదు.

ఇక్కడి సంప్రదాయంలో గణాచారిని ఎన్నుకొనేది దేవత, ఒప్పుకొనేది ఊరు. చాలచోట్ల ఆ బాధ్యత వంశంలో దిగుతుంది. మొదటిసారి ఆవేశం వచ్చినప్పుడు పెద్దలు వెంటనే నమ్మరు. కర్పూరం వెలిగించి, 'నీవు ఎవరు? ఎందుకు వచ్చావు?' అని అడుగుతారు. దేవతయా, దెయ్యమా, మనిషి నటనయా అని పరీక్షిస్తారు. ఆపైన నియమాలు, ఉపవాసాలు, పాటలు, మూలికలు, రోగి ముఖం చూచి మాట్లాడే నేర్పు ఏండ్ల మీద వస్తవి. వాక్కు తప్పిన గణాచారిని ఊరు క్రమంగా విడిచిపెడుతుంది. అందుచేత పూనకాన్ని నేర్చుకొనడం వేరు, పూనకాన్ని గురించి నేర్చుకొనడం వేరు. రెండవదానికి ఎవరైనా అర్హులే.

ఎక్కడ, ఎప్పుడు చూడవచ్చును

ప్రారంభకులు బహిరంగ ఉత్సవాలతో మొదలుపెట్టడం మంచిది. జులై, ఆగస్టు నెలల నడుమ వచ్చే ఆడి మాసం అందుకు తగినది. తిరుత్తణిలో ఆడికృత్తికకు పుష్పకావడులు 365 మెట్లు ఎక్కుతవి. ఆరణియారు ఒడ్డున పెరియపాళయంలో భవానీ అమ్మవారి ఉత్సవాలు ఆడిలో మొదలై పలు వారాలు సాగుతవి; వేపాకు వస్త్రం ధరించి ప్రదక్షిణం చేసే మ్రొక్కు అక్కడి ప్రత్యేకత. తిరువేర్కాడు కరుమారియమ్మ ఆలయం కూడ ఈ జిల్లాలోనిదే. ద్రౌపదమ్మ గుడుల వద్ద భారత కథ ముగిసిన పిదప జరిగే నిప్పులగుండం మరొక సందర్భం.

ఉత్తరాన తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వేసవిలో జరుగుతుంది. అక్కడ మగవారు స్త్రీవేషం ధరిస్తారు. వేషం వేసినవాడు దేవతగా పూజలందుకొంటాడు. ఈ జాతరను గూర్చి జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన గ్రంథం చదువదగినది. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ ఆ ఏటి వానలను, పంటలను గూర్చి చెప్పే 'రంగం' కూడ ఈ కుటుంబంలోనిదే. ఇట్లు ఒకే సంవత్సరంలో మ్రొక్కు, వేషం, వాక్కు అనే మూడింటినీ చూస్తే వాటి భేదం పుస్తకం లేకనే తెలియగలదు.

పాత విషయాలకు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణదేశపు కులాలు, తెగల గ్రంథం, హెన్రీ వైట్‌హెడ్ 1916లో వ్రాసిన గ్రామదేవతల పుస్తకం లభిస్తవి. వీటిలో సమాచారం విస్తారం, చూపు మాత్రం పాలకులది, మతాధికారులది. ఆ ఎరుకతోనే చదువవలెను. థర్‌స్టన్ అధిపతిగా పనిచేసిన చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో గిరిజనుల వస్తువులు చూడవచ్చు.

చూడబోయేవారు కొన్ని మర్యాదలు పాటించవలెను. ఆవేశంలో ఉన్న మనిషిని అనుమతి లేనిదే ఫొటో తీయరాదు. ఆ మనిషికి తెలివి వచ్చిన పిదప ఆ చిత్రం నలుగురి చేతులలో తిరుగుతుంటే కలిగే సిగ్గు చిన్నది కాదు. డబ్బిచ్చి పూనకం తెప్పించమని అడుగరాదు. విన్న మూలికను విన్నవెంటనే ఎవరికీ ఇవ్వరాదు. పాడినవారి పేరు, ఊరు వారి సమ్మతితో వ్రాసుకొనవలెను. వ్రాసినది వారికి చదివి వినిపించవలెను.

వైద్యం హద్దు

ఈ విషయం తెలుసుకొనడానికి మొదలుపెట్టినవారు ఏదో ఒక నాటికి ఒక కష్టమైన ప్రశ్నను ఎదుర్కొంటారు. నిద్రలేక, తనలో తాను మాట్లాడుకొంటున్న ఒక యువతిని కుటుంబం గుడి ముందు కూర్చోబెడుతుంది. ఇది పూనకమా, రోగమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోనికి తెచ్చిన రోగాల వర్గీకరణ ఈ ప్రశ్నకు శ్రద్ధగా సమాధానం చెప్పినది. ఆచారంలో భాగంగా, సమాజం అంగీకరించిన సందర్భంలో వచ్చే ఆవేశం రోగం కాదు. తనకు ఇష్టం లేకుండ, పదేపదే వచ్చి, మనిషిని బాధించి, పనిని, కుటుంబాన్ని, చదువును చెరిపే ఆవేశం చికిత్స అవసరమైన స్థితి. గ్రామం చేసే భేదం కూడ దాదాపు ఇదే. గణాచారికి ఆవేశం పిలిచినప్పుడు వచ్చి, పంపినప్పుడు పోతుంది.

గుడిలో ఊరట లేదనడం కూడ సరికాదు. తమిళనాడులోని ఒక ముత్తుస్వామి ఆలయంలో కొన్ని వారాలు ఉన్న 31 మంది మానసిక రోగులను వైద్యులు పరిశీలించి 2002లో ప్రచురించిన వ్యాసంలో, వారి లక్షణాలు సుమారు 20 శాతం తగ్గినట్లు తెలిపారు. అక్కడ ప్రత్యేక మంత్రతంత్రాలు లేవు. కుటుంబం తోడు, నిలకడైన దినచర్య, ఆదరణ ఉన్నవి. దీనికి ఎదురుగా, 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది మరణించారు. పారిపోదామన్నా వారికి వీలు లేకపోయినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రోగినీ ఏ విధంగాను గొలుసులతో బంధించరాదని స్పష్టంగా నిషేధించినది.

కాబట్టి కొట్టడం, కట్టివేయడం, అన్నం మాన్పించడం, మందు ఆపించడం, పెద్ద మొత్తం అడగడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా అక్కడ ప్రేక్షకుడుగా నిలువరాదు. 14416 అనే ఉచిత టెలిమానస్ సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. 2022 నుండి ఈ సేవ తెలుగు, తమిళ భాషలతో సహా పెక్కు భాషలలో లభిస్తున్నది. ఆసుపత్రికి పోవడం అమ్మవారిని కాదనడం కాదని కుటుంబానికి మెల్లగా చెప్పవలెను. కపిలర్ పద్యాలలోని తల్లికి అట్లు చెప్పగలిగినది చెలికత్తె ఒక్కతే. గచ్చకాయలు చెప్పని కారణం పిల్ల చెంత కూర్చున్నదానికి తెలిసినది.

మొదటి అడుగు

తొలి పాఠానికి దూరప్రయాణం అక్కరలేదు. ఇంటి పెద్దలను నాలుగు ప్రశ్నలు అడిగితే చాలును: మన ఇంటి దేవత ఎవరు, ఆమె గుడి ఏ ఊరిలో ఉన్నది, అక్కడ గణాచారిగా ఎవరు ఉండేవారు, ఆమె వాలినప్పుడు ఏ భాషలో మాట్లాడేది? తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు ఇండ్లలో చివరి ప్రశ్నకు వచ్చే సమాధానాలు ఆసక్తికరంగా ఉంటవి. ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివే పిల్లలు ఈ పనికి తగినవారు. నోటుపుస్తకంలో పుటను రెండుగా మడిచి, ఒకవైపు తెలుగు మాట, మరొకవైపు తమిళ మాట వ్రాయడం మొదలుపెట్టవచ్చును. పంబల పాటలు తెలిసిన వృద్ధులు ఊరిలో ఉన్నంతవరకే ఆ పుటలు నిండగలవు.